డ్రిప్పు మిగిల్చిన నీళ్లు

శ్రోతలకు నమస్కారం. అభివృద్ధి కావాలా, పర్యావరణం కావాలా అంటే రెండూ కావాలంటాం. నేనూ అంతే. మరి ఆ రెండూ కలిసి నడుస్తాయా? పెద్ద లెక్కల జోలికి పోకుండా, అనంతపురం జిల్లా నార్పల దగ్గర మా మేనమామ చీనీ తోట, అదే బత్తాయి తోట, సంగతి చెబుతాను.

మామది మూడెకరాల తోట. బోరులో రెండించుల నీళ్లు. మునుపు కాలువ తీసి పాదులకు నీళ్లు కట్టేవాడు. కరెంటు అర్ధరాత్రి వస్తే అప్పుడే పార భుజాన వేసుకుని పోవాలి. చెట్టుకు చేరేలోపు సగం నీళ్లు కాలువే తాగేసేది. తరువాత సబ్సిడీలో డ్రిప్పు వచ్చింది. నేను వంగి చూశాను. నల్ల పైపు నుంచి బొట్టు బొట్టుగా పడుతున్నాయి. చెట్టు మొదట్లో చాపంత మేర తడి, ఆ పక్కనే నేల పొడిగా నెర్రెలు విచ్చి ఉంది. ఎంత సంతోషమేసిందో! నీళ్లు మిగిలాయి.

మిగిలిన నీళ్లు ఏమయ్యాయి? వానకు పండే రెండెకరాల శెనక్కాయ చేను కూడా చీనీ తోటయింది. చుట్టుపక్కల రైతులూ అదే పని చేశారు. కొత్త చెట్లు కాపుకొచ్చేసరికి బోరులో ఇంచు నీళ్లు కూడా లేవు. మామ ఇంకో బోరు వేయించాడు. ఏడు వందల అడుగులు దించినా దుమ్మే లేచింది. ఆయన్ను తప్పు పట్టలేను. పిల్లల చదువులు, అప్పు, ఆ టెన్షన్‌లో నేనున్నా అదే చేసేవాణ్ణి.

1865లో ఇంగ్లండులో జెవన్స్ అనే ఆర్థికవేత్త బొగ్గు గురించి ఇదే మాట రాశాడు. తక్కువ బొగ్గుతో నడిచే ఆవిరి యంత్రాలు వచ్చాక బొగ్గు వాడకం ఇంకా పెరిగింది. ఖర్చు తగ్గేసరికి యంత్రాలు నాలుగు చోట్ల వెలిశాయి. అందుకే కొత్త టెక్నాలజీ ఒక్కటే మనల్ని గట్టెక్కిస్తుందంటే నాకు నమ్మకం కుదరదు. మిగిలిన నీళ్లు భూమిలోనే మిగలాలి. ఎకరాలకు ముందే ఒక హద్దు పెట్టుకోవాలి.

ఎవరు పెట్టాలి? రైతులే పెట్టుకున్నారు, మన దగ్గరే. 2000 తరువాతి ఏళ్లలో అనంతపురం, కర్నూలు, కడపతో కలిపి ఏడు జిల్లాల్లో, భూగర్భ జలాలను రైతులే చూసుకునే ప్రాజెక్టు ఒకటి నడిచింది. ఆడవాళ్లు, మగవాళ్లు కలిసి వాన కొలిచారు, బోర్లలో నీటి మట్టం కొలిచారు. రబీకి ముందు ఊరంతా కూర్చుని, భూమిలో నీళ్లెన్ని, ఏ పంట ఎంత తాగుతుంది అని లెక్క వేశారు. ఇది వేయొద్దని ఎవరూ ఎవరినీ బలవంతపెట్టలేదు. లెక్క కళ్ల ముందు ఉంది కాబట్టి చాలా చోట్ల వాళ్లంతట వాళ్లే వరి తగ్గించుకున్నారు. మన సీమలో ఏడాదికి పడే వాన ఎంతని? అనంతపురంలో సగటున 550 మిల్లీమీటర్లు. ఆ లెక్క లేకుండా ఎలా?

మొన్న మామకు ఈ సంగతంతా చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "చుట్టూ బోర్లున్న వాళ్లందరినీ పిలుస్తాలే, నువ్వు కూడా రా రా" అన్నాడు. వచ్చే ఆదివారం నోటుబుక్కు పట్టుకుని పోతున్నాను. నమస్కారం.