మేచకల్యాణికి 65 ఎలా వచ్చింది? కోడ్ పజిల్ విప్పుదాం

[స్క్రీన్ మీద: మాయామాళవగౌళ = 15, ధీరశంకరాభరణం = 29, మేచకల్యాణి = 65]

నమస్కారం. ఇవి కర్ణాటక సంగీతంలో మూడు మేళకర్త రాగాలు, అంటే మిగతా రాగాలకు మూలమైనవి. పక్కన వాటి నంబర్లు. సంగీతం రాకపోయినా ఫర్వాలేదు, నాకూ రాదు. అక్షరమాల వస్తే చాలు. పేరులోంచి నంబరు ఎలా వచ్చిందో పట్టుకుందాం.

రైల్వే, ఎస్సెస్సీ పరీక్షలకు ప్రిపేరయ్యేవాళ్లు ముందు అక్షరాల స్థానాలు కూడేస్తారు. ఇంగ్లీషులో CAT అనే మాటకు C 3, A 1, T 20, కలిపితే 24. ఇక్కడ అది కుదరదు. పేరు ఎంత పొడుగున్నా అంకెలు రెండే. అంటే మొదటి రెండు అక్షరాలే లెక్కలోకి వస్తున్నాయేమో!

[మాయా 15, మేచ 65 పక్కపక్కన]

రెండింట్లోనూ ఉన్నదేంటి? అక్షరాల్లో మ, అంకెల్లో 5. మ మొదట ఉంది, 5 చివర ఉంది. అంటే అంకెల్ని తిరగేశారన్నమాట! పైగా ఒకటి మా, ఇంకోటి మే. అయినా 5 మారలేదు, కాబట్టి గుణింతంతో పని లేదు. ఇలా చూస్తే య 1, చ 6. ధీరలో ధ 9, ర 2.

య 1, ర 2 వరుసగానే ఉన్నాయి. ప ఫ బ భ మ, మ ఐదోది. క నుంచి లెక్కపెడితే చ ఆరోది. మరి ధ? త వర్గంలో నాలుగోది కదా, 9 ఎక్కడిది? నేను ఇక్కడే చాలాసేపు ఇరుక్కుపోయాను. చివరికి వేళ్ల మీద వెనక్కి లెక్కపెడితే ఒకటి ట దగ్గర తేలింది!

[క, ట, ప, య వెలుగుతాయి]

లెక్క మొదలయ్యేది ఈ నాలుగు చోట్లే. అందుకే దీని పేరు కటపయాది. ఞ, న మాత్రం సున్నా.

ఇప్పుడు సూత్రాన్ని కొత్త పేరు మీద పరీక్షించాలి. ఖరహరప్రియ తీసుకుంటే 2, 2. నంబరు 22, సరిపోయింది. కానీ ఎటు తిప్పినా 22 కదా, దీన్ని నమ్మకండి. రసికప్రియ చూడండి: ర 2, స 7, తిరగేస్తే 72. మేళకర్తల్లో ఆఖరిది అదే!

కల్యాణి రాగానికి మేచ, తోడి రాగానికి హనుమ తగిలించింది కూడా ఈ లెక్క కుదరడానికే.

ఒత్తులతో మాత్రం జాగ్రత్త. మామూలుగా సంయుక్తాక్షరంలో చివరి హల్లును తీసుకోవాలి. అలాగైతే చక్రవాకం 26 అవ్వాలి. కానీ అది 16. అక్కడ ర కాకుండా క లెక్కలోకి వచ్చింది.

ఇక మీ వంతు.

[పది సెకన్లు: లతాంగి = ?]

63 వచ్చిందా? 13 వచ్చినవాళ్లు త దగ్గర ఒకటి అని మొదలుపెట్టి ఉంటారు!