అట్టపెట్టె మీద లేని తేదీ

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, అప్పుడే ఫోన్లలో తలదూర్చిన మిత్రులకు నమస్కారం. నాకిచ్చిన అంశం 'స్మార్ట్‌ఫోన్ భద్రతకు పది జాగ్రత్తలు'. పాస్‌వర్డులు, తెలియని లింకులు... అవన్నీ మీరు విని విని ఉన్నారు. తొమ్మిది వదిలేసి ఒక్కటే మాట్లాడతాను: ఫోన్‌కు వచ్చే భద్రతా అప్‌డేట్లు.

సెట్టింగ్స్‌లో ఆండ్రాయిడ్ వెర్షన్ దగ్గర సెక్యూరిటీ ప్యాచ్, అంటే లోపాల కన్నాలు పూడ్చే అప్‌డేట్, తేదీ ఉంటుంది, చూడండి. ఏడాది దాటిందా? ఫోన్ బాగానే ఉందిగా అంటారు. అదే చిక్కు. పైకి ఏమీ కనబడదు.

2015లో స్టేజ్‌ఫ్రైట్ లోపం బయటపడింది. ఆండ్రాయిడ్‌లో వీడియోల పని చూసే భాగంలో కన్నం. నంబరు తెలిస్తే చాలు, ఎంఎంఎస్ (వీడియో మెసేజ్) పంపి ఫోన్‌లోకి చొరబడొచ్చు. కొన్ని ఫోన్లలో ఆ మెసేజ్ తెరవనక్కర్లేదు కూడా. ఆ దెబ్బకు గూగుల్ ఆ ఆగస్టు నుంచి నెలనెలా కన్నాలేవో, వాటికి మందేదో చెప్పే భద్రతా బులెటిన్ ఇవ్వడం మొదలుపెట్టింది. మంచిదే. కానీ ఆ బులెటిన్ దొంగలూ చదువుతారు! పాత కోడ్, కొత్త కోడ్ పక్కపక్కన పెట్టి కన్నం ఎక్కడో పట్టేస్తారు. అంటే మందు వచ్చి మీ ఫోన్‌కు అందకపోతే, రాకముందుకన్నా ఎక్కువ ప్రమాదం. ఇది మళ్లీ చెప్తాను: రాకముందుకన్నా ఎక్కువ.

ఎందుకందదు? ఆ మందు గూగుల్ నుంచి చిప్ కంపెనీకి, అక్కణ్ణుంచి ఫోన్ కంపెనీకి, కొన్నిచోట్ల నెట్‌వర్క్ కంపెనీ పరీక్షలకు వెళ్లాలి. 2017లో గూగుల్ ఆండ్రాయిడ్‌లో ట్రెబుల్ అనే మార్పు తెచ్చి ఈ దారి కొంత కురచ చేసింది. మిగిలింది డబ్బు లెక్క. అమ్మేసిన ఫోన్ మీద ఇంజినీర్లను ఎవరు కూర్చోబెడతారు?

నా ఫోన్‌కు అప్‌డేట్లు ఆగిపోతే సర్వీస్ సెంటర్‌కు వెళ్లాను. "సార్, కొత్త మోడల్ మీద ఎక్స్ఛేంజ్ ఉంది" అన్నాడు అక్కడి అబ్బాయి. బాబూ, నేనడిగింది అప్‌డేట్! అట్టపెట్టె మీద కెమెరా మెగాపిక్సెళ్లు బొటనవేలంత అంకెల్లో ఉన్నాయి. భద్రత ఏ నెలదాకా అన్న ముక్క ఏ మూలా లేదు. అధ్యక్షా, చీటీ అందింది, రెండే నిమిషాలు.

కుదరదనకండి. 2013 నాటి ఐఫోన్ 5ఎస్‌కు 2023 జనవరిలో కూడా భద్రతా అప్‌డేట్ వచ్చింది. చిప్పూ సాఫ్ట్‌వేరూ ఆపిల్ వాళ్లవే, నిజమే. మరి పిక్సెల్ 8కు, గెలాక్సీ ఎస్24కు ఏడేళ్ల అప్‌డేట్లని ఆ కంపెనీలే మాటిచ్చాయిగా. భద్రతా అప్‌డేట్లు కనీసం ఎన్నాళ్లో కంపెనీ చెప్పి తీరాలని బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి చట్టమే ఉంది. అన్నిచోట్లా ఎందుకుండకూడదు?

కొనేముందు షాపులో అడగండి: "అప్‌డేట్లు ఏ నెలదాకా?" తెలియదంటే మేనేజర్ని పిలవమనండి. ఆయనకూ తెలియకపోతే బయటికి వచ్చేయండి. అప్‌డేట్లు ఆగిన ఫోన్ ఇంట్లో ఉంటే అందులోంచి బ్యాంకు యాప్ తీసేయండి. ఇక ప్రశ్నలు అడగొచ్చు. ఏ ఫోన్ కొనాలని మాత్రం అడక్కండి.