చిల్లు పడ్డ రోమన్ నాణెం: సోషల్ టీచర్లు మ్యూజియానికి ఎందుకెళ్ళాలి?

[తెర మీద: చిల్లు ఉన్న వెండి రూపాయి, బాగా దగ్గరగా]

నమస్తే అండీ. ఈ వీడియో మన సోషల్ టీచర్ల కోసం. మ్యూజియం అనగానే పిల్లల్ని బస్సెక్కించడం, దారంతా తలకాయలు లెక్కపెట్టుకోవడం, సాయంత్రానికి క్షేమంగా ఇళ్ళకి చేర్చడం... ఇదే గుర్తొస్తుంది మనకి. ఈ అభిప్రాయం నన్ను ఏళ్ళ తరబడి బాధపెడుతోంది. ముందు వెళ్ళాల్సింది మనం. పిల్లలు లేకుండా, చేతిలో పాఠ్యపుస్తకం లేకుండా వెళ్ళాలి.

ఎందుకో ఒక నాణెంతో చెప్తాను.

1780ల్లో మన నెల్లూరు దగ్గర ఒక రైతు రాళ్ళగుట్ట వారన దున్నుతుంటే నాగలికి ఇటుకల కట్టడం అడ్డుపడింది. తవ్వి చూస్తే చిన్న గుడి ఆనవాళ్ళు, దాని కింద ఒక ముంత. ముంతలో రోమన్ బంగారు నాణేలు! పాపం, ఆయన వాటిని పాత బంగారం కింద అమ్మేశాడు. కొన్ని కరిగిపోయే ఉంటాయి. ముప్పైకి పైగా మాత్రం నవాబు అమీరుల్ ఉమరా చేతికొచ్చాయి. మద్రాసు గవర్నరుగా చేసిన అలెగ్జాండర్ డేవిడ్సన్ ఈ సంగతంతా ఒక ఉత్తరంలో రాశాడు. ఎక్కువగా రోము చక్రవర్తులు ట్రాజన్, హేడ్రియన్, రాణి ఫాస్టినా బొమ్మలున్నవట. కొన్ని నిన్న టంకశాలలోంచి వచ్చినంత కొత్తగా ఉన్నాయి. కొన్ని అరిగిపోయి, చిల్లులు పడి ఉన్నాయి.

ఆ చిల్లు దగ్గర ఆగుదాం. మన ఆడవాళ్ళ కాసులపేరు తెలుసు కదా? రోము చక్రవర్తి తల ఉన్న బంగారాన్ని ఇక్కడెవరో చిల్లు కొట్టి మెళ్ళో వేసుకున్నారన్నమాట. డేవిడ్సన్ ఊహ కూడా అదే. పాఠంలో "రోముతో వర్తకం జరిగింది" అని ఒక్క వాక్యం చెప్పి దాటేస్తాం. ఆ వాక్యంలో ఈ మెడ లేదు. చిల్లు కొట్టిన కంసాలి లేడు.

మొన్న మా కాంప్లెక్స్ మీటింగులో, అంటే చుట్టుపక్కల బళ్ళ టీచర్లం కలిసే సమావేశంలో, ఒక పని చేశాం. మామూలుగా అయితే పీపీటీ నడుస్తుంది, శిక్షణ ఇచ్చే ఆర్పీ (రిసోర్స్ పర్సన్) గారు స్లైడు చదువుతారు, మనం రాసుకుంటాం. ఈసారి ఒక మేడం వాళ్ళ అమ్మమ్మ పెట్టెలోంచి చిల్లు పడ్డ విక్టోరియా రాణి రూపాయి తెచ్చారు. దాని మీద 1862 అని ఉంది. పదకొండు మందిమి చేతులు మార్చుకుంటూ చూశాం. మూడు నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదని నియమం. తర్వాత ఒక సారు అన్నారు: "చిల్లు అంచు వెనకవైపుకి పొడుచుకొచ్చింది. అంటే రాణి బొమ్మ వైపు నుంచి మేకు కొట్టారు." ఇంకొకరు: "కిరీటానికి పైన కొట్టారు, మొహం చెడకుండా చూసుకున్నారు." చిల్లులో నల్లటి మట్టి ఉంది, చెమటా నూనే కలిసి గట్టిపడినట్టు. ఇరవై నిమిషాలు పోయాయి, ఎవరికీ టీ గుర్తు రాలేదు.

నా దృష్టిలో అసలైన శిక్షణ అదే. జాతీయ విద్యావిధానం 2020 టీచరుకి ఏటా కనీసం 50 గంటల శిక్షణ ఉండాలంటోంది. అందులో ఒక్క పూట ఇలా గడిపినా చాలు.

ఇప్పుడు మళ్ళీ ఆ బంగారు నాణెం. రోము బంగారం ఏటా భారతదేశానికి తరలిపోతోందని రోమన్ రచయిత ప్లినీ వాపోయాడని మనం ప్రతి బ్యాచ్‌కీ చెప్తాం. 5 కోట్ల సెస్టర్సులు (రోమన్ నాణేలు) అని అంకె కూడా చెప్తాం. కానీ ప్లినీ క్రీ.శ. 79లో చనిపోయాడు. ట్రాజన్ గద్దెనెక్కింది 98లో. అంటే మన నెల్లూరు ముంతలోని నాణేలు ప్లినీ బాధపడ్డ బంగారం కానే కావు, ఆయన పోయాక ముద్రించినవి! ఆయన మొత్తుకున్నా రోము బంగారం ఇటు రావడం ఆగలేదు. పుస్తకంలో పక్కపక్కన ఉన్న రెండు సంగతుల్ని ఒక వస్తువు ఇలా విడదీసి చూపిస్తుంది. ఇది తెలిసిన రోజు నేను నా పాత నోట్సు దిద్దుకున్నాను.

ఇక మ్యూజియంలో ఏం చేయాలి? లేబుల్ ఆఖర్న చదవండి. అబిగైల్ హౌసెన్, ఫిలిప్ యెనవైన్ అనే ఇద్దరు బొమ్మలు చూడడం కోసం మూడు ప్రశ్నలు తయారుచేశారు: ఇక్కడ ఏం జరుగుతోంది? ఏది చూసి అలా అంటున్నావు? ఇంకేం కనిపిస్తోంది? నాణేనికీ ఇవే పనికొస్తాయి. రెండోది ముఖ్యం. "ఏది చూసి" అని అడగ్గానే బట్టీ పట్టిన జవాబు ఆగిపోతుంది.

టైం అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తా. ప్రకాశం వైపు వాళ్ళకి పాత ఓడరేవు మోటుపల్లి ఉంది, ఇప్పుడు బాపట్ల జిల్లాలోకి వెళ్ళింది. గణపతిదేవుడి 1244 నాటి అభయ శాసనం అక్కడి గుళ్ళో స్తంభం మీదే ఉంది. తుఫానుకి కొట్టుకొచ్చిన ఓడల సరుకు లాక్కోం, ముప్పైకి ఒక వంతు సుంకం చాలని వర్తకులకి మాటిచ్చాడు. మీ ఊరి శాసనం కావాలంటే బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి 1905లో అచ్చేసిన నెల్లూరు జిల్లా శాసనాల మూడు సంపుటాలు వెతకండి. ఒంగోలు, కందుకూరు, కనిగిరి వైపు ఊళ్ళు కూడా దొరుకుతాయి.

వచ్చే కాంప్లెక్స్ మీటింగుకి ఇంట్లోంచి ఒక పాత వస్తువు తీసుకెళ్ళండి. మద్రాసు ఎగ్మోర్‌లోని మ్యూజియానికైతే పొద్దున పినాకిని రైలు ఎక్కితే మధ్యాహ్నానికి మద్రాసులో ఉంటారు. శుక్రవారం మాత్రం పెట్టుకోకండి, ఆ రోజు వాళ్ళకి సెలవు.