దూరపు ఫోన్ లైన్ మీద నెట్ నిలబడాలంటే

శ్రోతలందరికీ నమస్కారం.

ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం వైపు ఊళ్లలో ఇప్పటికీ పాత రాగి తీగ లైన్ మీదే నెట్ నడుపుకుంటున్న వాళ్లతో ఈ పూట మాట్లాడతాను. టౌన్‌లో టెలిఫోన్ ఎక్స్ఛేంజ్ పక్కన ఉన్నవాళ్లకు ఈ బాధ తెలియదు. ఊరి చివర ఉన్నవాళ్లకు బాగా తెలుసు. పిల్లవాడు డిగ్రీ సీటు కోసం శామ్స్ పోర్టల్‌లో, అంటే ఒడిశా ప్రభుత్వ అడ్మిషన్ల వెబ్‌సైట్‌లో, ఫారం అంతా నింపుతాడు. ఫీజు కట్టే పేజీకి వచ్చేసరికి మోడెమ్ మీద, లైన్ అందిందని చూపే డీఎస్ఎల్ లైటు మిణుకుమిణుకుమంటుంది. డబ్బు పోయిందో, ఫారం చేరిందో తెలియదు. ఇంటిల్లిపాదికీ టెన్షన్.

అందుకే నేను ముందుగా చెప్పేది ఇదే. దూరపు లైన్ మీద స్పీడ్ కోసం పాకులాడకండి, నిలకడ కోసం ప్రయత్నించండి. ఎనిమిది మెగాబిట్లు వచ్చి గంటకోసారి తెగే లైన్ కన్నా, రెండు మెగాబిట్లతో పొద్దుటి నుంచి రాత్రి దాకా తెగకుండా ఉండే లైన్ వెయ్యి రెట్లు మేలు.

దూరంతో పేచీ ఎక్కడ వస్తుందో చూద్దాం. ఫోన్‌లో మన మాటకు 4 కిలోహెర్ట్జ్‌ల లోపు సరిపోతుంది. నెట్ అదే తీగ మీద దాదాపు 25 కిలోహెర్ట్జ్‌ల నుంచి 1,100 వరకు, ఏడీఎస్ఎల్ 2 ప్లస్ అనే కొత్త రకం అయితే 2,200 వరకు నడుస్తుంది. దూరపు ఊళ్లో పెళ్లి జరుగుతుంటే డోలు వినిపిస్తుంది గానీ సన్నాయి వినిపించదు కదా, తీగలోనూ అంతే. పై ఫ్రీక్వెన్సీలు ముందు చచ్చిపోతాయి. స్పీడ్ అంతా వాటిలోనే ఉంటుంది. ఎక్స్ఛేంజ్ పక్కింటికి 24 మెగాబిట్ల దాకా ఇవ్వగల పద్ధతే, అయిదు కిలోమీటర్లు దాటేసరికి ఒకటి రెండు మెగాబిట్లు ఇస్తే గొప్ప.

మీ లైన్ సంగతి మీ మోడెమే చెబుతుంది. చాలా మోడెమ్‌లలో బ్రౌజర్‌లో 192.168.1.1 అని కొడితే పేజీ తెరుచుకుంటుంది. అందులో రెండు అంకెలు చూడండి. మొదటిది అటెన్యుయేషన్, అంటే దారిలో ఎంత పోయిందో. అక్కడ 60 డెసిబెల్ ఉంటే ఎక్స్ఛేంజ్ పంపిన శక్తిలో పది లక్షల్లో ఒక వంతే మీ ఇంటికి చేరుతోందని అర్థం. దాన్ని మనం మార్చలేం. రెండోది ఎస్ఎన్ఆర్ మార్జిన్, అంటే రొద మీద సిగ్నల్‌కు ఇంకా ఎంత వెసులుబాటు ఉందో. అది ఆరు డెసిబెల్ కన్నా తగ్గితే లైన్ తెగడం మొదలవుతుంది, పది దాటితే నిశ్చింత. మనం చేసే ప్రయత్నమంతా ఈ రెండో అంకె కోసమే.

ఆ ప్రయత్నం ఇంట్లోనే మొదలుపెట్టాలి. ఫోన్ ఎత్తి ఒక అంకె నొక్కండి, డయల్ టోన్ ఆగుతుంది. ఆ నిశ్శబ్దంలో గరగరమని వినిపిస్తే ఎక్కడో జాయింట్ పాడైనట్టే. చూరు కింద, తీగ ఇంట్లోకి దిగే చోట ఉండే రోజెట్ డబ్బా మూత తీసి చూడండి. లోపల చీమలు పెట్టిన మట్టి, స్క్రూల మీద పచ్చటి కిలుం, దాని కింద వదులుగా వేలాడే రాగి పోగు. మా వైపు వానలకు ఇది మామూలే. తీగ కొస కత్తిరించి, కొత్త రాగి తేలేలా ఒలిచి, గట్టిగా బిగిస్తే చాలాసార్లు మార్జిన్ అక్కడే పెరుగుతుంది. తీగ మెలేసి టేపు చుట్టిన జాయింట్లు మాత్రం ఉంచకండి. టేపు లోపల నీరు నిలిచి రాగిని తినేస్తుంది. ఉరుములు, మెరుపులు ఉన్న రోజున మాత్రం తీగ జోలికి వెళ్లకండి.

తర్వాత స్ప్లిటర్. మాటనూ నెట్‌నూ విడదీసే, లైన్, ఫోన్, మోడెమ్ అని మూడు కన్నాలున్న ఆ చిన్న డబ్బా లేకుండా ఒక్క ఫోన్ కూడా ఉండకూడదు. ఫోన్ మోగగానే నెట్ పోతోందంటే ముందు దాన్నే అనుమానించండి. ఎప్పుడో వెనక గదికి లాగి వదిలేసిన పేరలల్ తీగ ఉంటే ఊడబీకండి. అవతలి కొస ఖాళీగా ఉన్నా అది సిగ్నల్‌ని వెనక్కి కొట్టి చెడగొడుతుంది. మోడెమ్‌ను తీగ ఇంట్లోకి వచ్చే చోటే పెట్టండి. ముందు గదిలో నెట్ కావాలంటే ఫోన్ తీగను పొడిగించకుండా లాన్ కేబుల్ వేసుకోండి. అది వంద మీటర్ల దాకా వేగం తగ్గకుండా పని చేస్తుంది. వైఫై బలహీనమైతే లైన్‌ని తిట్టేవాళ్లూ ఉన్నారు. అందుకే పరీక్షలన్నీ లాన్ కేబుల్ పెట్టి చేయండి.

సాయంత్రం అయితేనే నెట్ తెగుతోందని చాలామంది అంటారు. వాళ్ల మాట నిజమే. మీడియం వేవ్ రేడియో 531 నుంచి 1,602 కిలోహెర్ట్జ్‌ల మధ్య ఉంటుంది. నెట్ నడిచేదీ అదే మేర. పొద్దు గూకాక పై వాతావరణంలో ఒక పొర కరిగిపోయి, పగలు వినపడని దూరపు స్టేషన్లు కూడా మన దాకా వస్తాయి. కిలోమీటర్ల పొడవున్న రాగి తీగ వాటికి ఏరియల్ అవుతుంది. మధ్యాహ్నం మోడెమ్ రీస్టార్ట్ చేస్తే, అప్పటి ప్రశాంతతను చూసి పెద్ద వేగానికి ఒప్పుకొని, చీకటి పడగానే కూలబడుతుంది. అదే రాత్రి ఎనిమిదింటికి రీస్టార్ట్ చేసి చూడండి. వేగం కాస్త తక్కువకు ఒప్పుకుంటుంది గానీ ఆ తర్వాత నిలబడుతుంది.

ఇంట్లో అన్నీ సరిచేసినా గరగర పోకపోతే తప్పు బయట ఉంది. కంప్లయింట్ ఇచ్చేటప్పుడు "నెట్ రావట్లేదు బాబూ" అని ఊరుకోకండి. పేజీలో చూసిన రెండు అంకెలు, తెగే వేళలు కాగితం మీద రాసి లైన్‌మన్ చేతికివ్వండి. "డీపీ దగ్గర పెయిర్ మార్చి చూడండి బాబూ" అని అడగండి. డీపీ అంటే ఇళ్లకు తీగలు చీలే డబ్బా, పెయిర్ అంటే మీ ఇంటికొచ్చే రెండు తీగల జత. మార్చినా కుదరకపోతే ఎక్స్ఛేంజ్‌లో పోర్ట్ ప్రొఫైల్, అంటే మీ లైన్‌కు పెట్టిన సెట్టింగ్, మార్చమనండి. మార్జిన్ 6 బదులు 9కో 12కో పెడితే వేగం కొంచెం తగ్గి లైన్ నిలకడ పడుతుంది. ఇదేమీ దయాదాక్షిణ్యం కాదు, నెలనెలా బిల్లు కట్టేవాళ్ల హక్కు. 2004లో 256 కిలోబిట్లు ఉంటే బ్రాడ్‌బ్యాండ్ అనేవారు. 2023 నుంచి మన దేశంలో 2 మెగాబిట్లు లేనిది బ్రాడ్‌బ్యాండే కాదు.

అసలు మందు ఫైబరే. గాజు పోగులో కిలోమీటరుకు అర డెసిబెల్ కూడా పోదు, 20 కిలోమీటర్ల దాకా కనెక్షన్ ఇవ్వొచ్చు. పంచాయతీలకు ఫైబర్ వేసే కేంద్ర పథకం భారత్‌నెట్ కింద మీ పంచాయతీ దాకా తీగ వచ్చిందేమో సర్పంచ్‌ని అడగండి. పది ఇళ్లవాళ్లు కలిసి అడిగితే వీధిలోకి లాగడం తేలిక. ఒక్క జాగ్రత్త. రాగి తీగ ఫోన్‌కు కరెంటు ఎక్స్ఛేంజ్ నుంచే వచ్చేది, ఇంట్లో కరెంటు పోయినా మోగేది. ఫైబర్ డబ్బా అలా కాదు, ఇంట్లో కరెంటు పోతే అదీ ఆగిపోతుంది. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను గజపతి జిల్లాను ఎలా చీకట్లో ముంచిందో చూసినవాళ్లం. కనెక్షన్ తీసుకునే రోజే, డబ్బా మీద ఎన్ని వోల్టులని రాసి ఉందో చూసుకుని, దానికి సరిపడే చిన్న బ్యాటరీ బ్యాకప్ కూడా కొనుక్కోండి.

నమస్కారం.