స్టేషన్‌కు రమ్మని కబురొస్తే

అందరికీ నమస్కారం. ఈ న్యాయ విజ్ఞాన సదస్సులో క్రిమినల్ చట్టం గురించి చెప్పమన్నారు. మొత్తం చెప్పాలంటే తెల్లారిపోతుంది. మన కోర్టుకు ఎక్కువగా వచ్చే గట్టు తగాదా ఒకటి తీసుకుంటాను.

పొలం గట్టు మీద అన్నదమ్ములకు మాటామాటా పెరిగింది. అన్న పార ఎత్తాడు. తమ్ముడి తలకు నాలుగు కుట్లు పడ్డాయి. సాయంత్రానికల్లా ఎఫ్ఐఆర్. 2024 జూలై 1 నుంచి జరిగే గొడవలకు పాత శిక్షాస్మృతి ఐపీసీ లేదు, దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితే. పారతో కొట్టినందుకు 118(1), చంపుతానని బెదిరించినందుకు 351, పక్కన నిలబడ్డ ఇద్దరు కొడుకుల్నీ కలపడానికి 3(5). మొన్నటిదాకా వీటినే 324, 506, 34 అనేవాళ్ళం. మోసగాణ్ణి ఫోర్‌ట్వంటీ అని తిట్టడం మనం మానం గానీ, ఆ సెక్షనూ ఇప్పుడు 318(4) అయింది.

వట్టి చేత్తో కొడితే 115(2). అదొక్కటే అయితే మేజిస్ట్రేటు ఆదేశం లేకుండా పోలీసులు దర్యాప్తు చేయకూడదు, వారంటు లేకుండా అరెస్టు చేయకూడదు. అందుకే ఫిర్యాదు కాగితం మీదికి వచ్చేసరికి చెయ్యి కాస్తా కర్ర అవుతుంది. కోపం ఇంకా చల్లారకపోతే గొడ్డలి అవుతుంది.

మన అన్న మీద పెట్టిన సెక్షన్లలో దేనికీ ఏడేళ్ళకు మించి శిక్ష లేదు. ఇలాంటి కేసుల్లో మామూలుగా 35(3) నోటీసు ఇచ్చి పిలవాలి. ఈ సెక్షను న్యాయ సంహితలోది కాదు, అరెస్టు, దర్యాప్తు ఎలా జరగాలో చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోది. అరెస్టు చేయాలంటే ఎందుకు అవసరమైందో పోలీసులు రాయాలి. 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పిందిదే. ఆ నోటీసు వాట్సాప్‌లో పంపితే కుదరదని 2025లో చెప్పింది. నోటీసు చేతికొచ్చిందా, టెన్షన్ పడకుండా వెళ్ళండి. అత్తగారి ఊరు పారిపోయినవాళ్ళను చాలామందిని చూశాను. పిలిస్తే రాలేదన్న మాటే వాళ్ళ అరెస్టుకు కారణమైంది.

ఒకవేళ అరెస్టే చేస్తే, కారణం రాతలో, మీకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. ఇంట్లోవాళ్ళకు తెలపాలి. లాయరుతో మాట్లాడనివ్వాలి. ఫీజు ఎలాగా అని దిగులు పడకండి, కస్టడీలో ఉన్న ఎవరికైనా ఉచిత న్యాయ సహాయం హక్కు. ఫోన్ 15100.

ఇక సంతకాలు. విచారణలో మీరు చెప్పింది పోలీసులు రాసుకోవచ్చు, దాని కింద మీ సంతకం తీసుకోకూడదు. తెల్లకాగితం మీద అసలే వద్దు. అరెస్టు మెమో మీద మాత్రం మీ సంతకం ఉండాలి, మీ ఇంటివాళ్ళో ఊరి పెద్దమనిషో సాక్షిగా కూడా ఉండాలి. అందులో టైము చూసుకోండి. ప్రయాణం పోను 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలన్న లెక్కకు ఆ టైమే కాగితం మీద ఆధారం.

నా దగ్గరికొచ్చిన ఒక పెద్దాయనను గేదె పాలు పితుకుతుండగా పొద్దున్నే ఆరింటికి తీసుకెళ్ళారు. చేతికి నురగ కూడా ఆరలేదట. మెమోలో సాయంత్రం నాలుగని ఉంది. చదవకుండానే వేలిముద్ర వేశాడు. మర్నాడు మేజిస్ట్రేటుగారు, "నిన్నెప్పుడు పట్టుకొచ్చారు?" అని అడిగారు. ఆయన చేతులు కట్టుకుని, "కాగితంలో ఎంతుంటే అంతేనండి" అన్నాడు. నేను వెనకే నిలబడి ఉన్నాను.