వాయి ఎంత వెయ్యాలి?

అందరికీ నమస్కారం.

మీలో చాలామందికి సొంత షెడ్డు, అంటే చిన్న కార్ఖానా ఉంది, లేదా షెడ్డులో పని నడిపించే బాధ్యత ఉంది. మాట మాత్రం వంటింటి నుంచి మొదలుపెడతాను. ఇడ్లీ వాయి వేస్తాం, దోసె ఒక్కొక్కటే పోస్తాం. ఇడ్లీ పాత్రలో నాలుగు పెట్టినా ఇరవై పెట్టినా ఉడకడానికి పట్టే సమయం ఇంచుమించు ఒకటే, కాబట్టి నిండా పెట్టడమే న్యాయం. దోసె అలా కాదు. ముప్పై పోసి దొంతర పెడితే తినేవాడికి అందేది చల్లారిన దోసె. మన షెడ్లలో దోసె లాంటి పనిని కూడా వాయిలెక్కన చేస్తున్నాం. నా బాధ అదీ.

నేను చొక్కాలు కుట్టే ఒక యూనిట్‌లో సూపర్‌వైజర్‌గా పనిచేశాను. కాలర్లు యాభయ్యేసి కట్ట కట్టి, గుడ్డపీలికతో ముడేసి, పక్క టేబుల్‌కి పంపేవాళ్లం. ఒకరోజు చివరి టేబుల్ దగ్గర చెకింగ్ చేసే అక్క ముడి విప్పి, ఒక కాలర్‌ని మధ్యకి మడిచి చూసింది. ఒక కొన రెండోదానికంటే గోరంత పొడుగుంది. ఇంకోటి తీసింది, అదీ అంతే. మొదటి టేబుల్ మీద కొలతకి పెట్టే అచ్చు అట్ట పక్కకి జరిగిపోయింది. అప్పటికే మూడు కట్టలు, 150 కాలర్లు కుట్టేశాం. రాత్రి దాకా కూర్చుని కుట్లు విప్పారు. తప్పు వాళ్లది కాదు, కట్టది.

లెక్క చూడండి. నాలుగు టేబుళ్లు, ఒక్కోచోట నిమిషం పని. యాభై కట్టగా పంపితే మొత్తం పూర్తయ్యేసరికి 200 నిమిషాలు. ఒక్కొక్కటిగా అందిస్తే 53. ఎవరూ చెయ్యి వేగం పెంచలేదు, కట్ట ఎదురుచూడటం పోయింది, అంతే. తప్పు కూడా మొదటి కాలర్ నాలుగో టేబుల్‌కి చేరగానే, అంటే మూడో నిమిషం దాటగానే బయటపడుతుంది. కట్ట పద్ధతిలో 150 నిమిషాలు ఆగాలి.

మరి కట్టలెందుకు కడతాం? సెట్టింగ్ మార్చాలంటే, అంటే మిషన్‌ని ఒక పని నుంచి ఇంకో పనికి సిద్ధం చెయ్యాలంటే, టైమ్ పోతుందని భయం. 1913లో ఫోర్డ్ హారిస్ అనే అమెరికా ఇంజినీరు ఒకసారికి ఎన్ని చెయ్యాలో సూత్రం ఇచ్చాడు. సెట్టింగ్ ఖర్చు ఎక్కువైతే వాయి పెద్దదవుతుంది. ఆ ఖర్చు నాలుగో వంతుకి తగ్గితే వాయి సగమవుతుంది. చాలామంది సూత్రం నేర్చుకున్నారు గానీ, ఆ ఖర్చుని తగ్గించవచ్చన్న ఆలోచన మాత్రం చెయ్యలేదు.

జపాన్‌లో చేశారు. 1969లో టొయోటా కార్ల కంపెనీలో రేకుని నొక్కి ఆకారం తెచ్చే వెయ్యి టన్నుల ప్రెస్‌కి డై, అంటే అచ్చు, మార్చడానికి నాలుగు గంటలు పట్టేది. షిగియో షింగో అనే జపాన్ ఇంజినీరు, అక్కడి వాళ్లు కలిసి ముందు 90 నిమిషాలకి, తర్వాత మూడు నిమిషాలకి తెచ్చారు. ప్రెస్ నడుస్తుండగానే చెయ్యగలిగిన పనిని, ఆపితే తప్ప చెయ్యలేని పనిని విడదీశారు. తర్వాతి డై ముందే పక్కకి వచ్చి కూర్చుంటుంది. అదే మూలం. మన షెడ్డులో ప్రెస్ ఆపాక స్పానర్ ఎక్కడుందో వెతుకుతాం. ఆ వెతుకులాటని ఒకసారి వాచీ పెట్టి కొలవండి, దయచేసి.

అలాగని అన్ని పనులూ దోసెలే అనను. ఇనప భాగాలని గట్టిపరచడానికి కాల్చే హీట్ ట్రీట్‌మెంట్ ఫర్నేస్ ఇడ్లీ పాత్ర లాంటిది. ఒక్క గేరు కోసం దాన్ని వేడిచెయ్యమని నేను చెప్పను.

ఆ కాలర్ల తర్వాత మేం పది పది కట్టలకి వచ్చాం. తర్వాతి రంగు దారం కోన్‌లు ముందే స్టాండు మీద పెట్టుకునేవాళ్లం. ఒక్కొక్కటిగా పంపడం దాకా మాత్రం రాలేకపోయాం. కాజాలు కుట్టే మిషన్ ఒకటే ఉంది, అది తరచూ మొరాయించేది. అది ఆగినప్పుడు మిగతావాళ్ల చేతులు ఖాళీ కాకుండా దాని తర్వాతి టేబుల్ దగ్గర ఒక కట్ట ఎప్పుడూ ఉంచుకునేవాళ్లం. ఆ మిషన్‌కి మెకానిక్ కొత్త భాగం బిగించిన వారం, ఆ కట్టని ఐదుకి తగ్గించాం.