వాన పడిన రోజు నుంచి లెక్కపెట్టండి: శనక్కాయ చేనులో ఎర్ర గొంగళి పురుగు

నమస్కారం. మనం ఇప్పుడు అనంతపురం దగ్గర ఒక ఎర్రనేల చేనులో, గెనిమ (చేను గట్టు) మీద ఉన్నాం. ఇంకా విత్తనం పడలేదు. అయినా శనక్కాయను తినే పురుగు అప్పుడే ఇక్కడికొచ్చేసింది, మన కాళ్ల కిందే ఉంది. చూపిస్తాం రండి.

చిన్న పార తీసుకోండి. వేపచెట్టు నీడ పడే వైపు, గెనిమ పక్కన మొదలుపెట్టి బెత్తెడు నుంచి జానెడు లోతు దాకా పొరలు పొరలుగా మట్టి తీయండి. ఒక్క పోటుకు పెళ్లగిస్తే గడ్డతో పాటు అది కూడా చితికిపోతుంది, మీకు కనపడదు. ఇదిగో, ముదురు గోధుమ రంగులో, ఖర్జూరపు గింజంత. వేలితో తాకితే సన్నగా ఉన్న కొస కొంచెం కదులుతుంది. కదిలిందంటే బతికే ఉందని అర్థం.

ఇది ఎర్ర గొంగళి పురుగు కోశస్థ దశ, అదే ప్యూపా. అంటే గొంగళి రెక్కల పురుగుగా మారే ముందు దశ. దీని శాస్త్రీయ నామం ఆమ్సాక్టా ఆల్బిస్ట్రైగా. పోయిన వానాకాలంలో మట్టిలోకి దిగి, దాదాపు పది నెలలు తిండీ నీళ్లూ లేకుండా పడుకుంటుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర వాన పడే అనంతపురంలో పచ్చటి ఆకు దొరికేది కొన్ని నెలలే. మిగతా కాలమంతా నిద్రపోయి, ఆకు వచ్చే వేళకు లేవాలి. దాన్ని లేపేది వానే. పైన తుంపర పడి ఆరిపోతే లేవదు. మట్టి లోపలిదాకా తడిసే వాన కావాలి. అంటే మనకు విత్తనం వేయడానికి సరిపడే వానే దానికి మేలుకొలుపు కూడా. అందుకే ఈ పురుగుకు తేదీలు పనిచేయవు. వాన పడిన రోజును ఒకటిగా పెట్టుకుని లెక్కపెట్టండి.

వాన పడిన తర్వాతి సాయంత్రాల్లో, చీకటి పడే వేళ రెక్కల పురుగులు బయటికి వస్తాయి. ముందు రెక్కలు తెల్లగా, వాటి మీద గోధుమ చారలు, అంచున పసుపు గీత ఉంటాయి. వెనక రెక్కల మీద నల్ల మచ్చలు. పెట్రోలు బంకు దీపాల దగ్గర, బస్టాండులో ఇవి గుంపులుగా కనపడ్డాయంటే చేలల్లో గుడ్లు పడుతున్నట్టే. ఒక్కో ఆడ పురుగు వందల గుడ్లు పెడుతుంది, 600 దాటడం మామూలే.

దీపపు ఎర పెట్టాల్సింది అప్పుడే. వెడల్పాటి ప్లాస్టిక్ తొట్టి, అందులో మూడు అంగుళాల నీళ్లు, ఒక చెంచా కిరోసిన్ లేదా పిడికెడు సబ్బు పొడి. తొట్టికి జానెడు పైన బల్బు వేలాడదీయండి. రాత్రి 7 నుంచి 11 దాకా వెలిగితే చాలు. ఎకరాకు ఒకటి, రెండు సరిపోతాయి. కరెంటు తీగ నీళ్లకు తగలకుండా కర్రకు గట్టిగా కట్టండి, కుదిరితే సోలార్ దీపం వాడండి. దీపానికి బదులు మంట వేసేవాళ్లు గడ్డివామికి దూరంగా, గాలి చూసుకుని వేయండి.

ఇక్కడ చాలామంది చేసే తప్పొకటుంది. దీపం దగ్గరికి వచ్చిన ప్రతి పురుగూ తొట్టిలో పడదు. పడనివి ఆ చుట్టుపక్కల ఆకుల మీదే గుడ్లు పెట్టేస్తాయి. దీపం పెట్టి ఇంటికెళ్లి, తెల్లారి అటువైపు చూడకపోతే పురుగును మనమే పిలిచి చేనులో దించినట్టు. రోజూ పొద్దున్నే దీపం చుట్టూ ఆకులు తిరగేసి చూడండి.

గుడ్లు ఆకు అడుగున గుంపుగా, లేత పసుపు రంగులో ఉంటాయి. మట్టి గడ్డల మీద కూడా పెడుతుంది. గుంపు మీద గోధుమ రంగు నూగు కప్పి ఉంటే అది పొగాకు లద్దె పురుగుది, దాని పద్ధతి వేరు. గుడ్లున్న ఆకును తుంచి సంచిలో వేసుకోండి, గెనిమ మీద పారేయొద్దు.

మూడు నాలుగు రోజుల్లో గుడ్లు పగులుతాయి. మన విత్తనం అప్పటికి సరిగ్గా మొలిచి ఉండదు. మరి పిల్ల పురుగులు ఏం తింటాయి? గెనిమల మీది కలుపు, పోయినేడు రాలిన కాయల నుంచి లేచిన మొక్కలు. అందుకే మొదటి వారంలో చేను నడుమ కాదు, గెనిమలు వెతకాలి. వెతికితే పలుచటి కాగితంలా మారిన ఆకులు కనపడతాయి. పిల్ల పురుగులు ఆకు అడుగున పచ్చదనాన్ని గీకి తింటాయి, పైపొర మిగులుతుంది. ఒక్క ఆకు కింద వందలు ఉంటాయి. ఆ ఒక్క ఆకు తీసి కిరోసిన్ కలిపిన నీళ్లలో వేస్తే, పది రోజుల తర్వాత చేనంతా తిరిగి చేయాల్సిన పని తప్పుతుంది.

పురుగు ఎదగడం ఎలాగో తెలిస్తే మందు ఎప్పుడు పనిచేస్తుందో తెలుస్తుంది. దాని చర్మం మన చర్మంలా సాగదు. బిగుతైనప్పుడల్లా కుబుసం విడిచి కొత్త చర్మంతో బయటపడాలి. వేప కషాయం ఆ కుబుసం విడిచే పనినే చెడగొడుతుంది, తినడం కూడా తగ్గిస్తుంది. 5 కిలోల వేపగింజల పప్పు పొడిని గుడ్డలో మూట కట్టి 10 లీటర్ల నీళ్లలో రాత్రంతా నానబెట్టండి. పొద్దున పిండి, వడగట్టి, 100 లీటర్లకు నీళ్లు చేర్చి, 100 గ్రాముల సబ్బు పొడి కలపండి. ఎండకు దాని గుణం పోతుంది కాబట్టి అదే రోజు సాయంత్రం, ఆకు అడుగు తడిసేలా కొట్టండి. చిన్న పురుగు మీదే ఇది పనిచేస్తుంది.

గుంపు చెదిరిపోయి, చేనులో అక్కడక్కడా కనపడుతుంటే క్వినాల్‌ఫాస్ అనే పురుగుమందు లీటరు నీటికి 2 మిల్లీలీటర్ల చొప్పున వాడొచ్చు. లేబుల్ చదివి, చేతి తొడుగులు, మూతికి గుడ్డ కట్టుకునే కొట్టండి. రెండు అంగుళాలు పెరిగి, ఎర్రటి వెంట్రుకలతో నిండిన పురుగు మీద మాత్రం మందు దండగ. మందు చుక్క వెంట్రుకల మీదే ఆగిపోతుంది, చర్మానికి చేరేది తక్కువ. పైగా అది తినాల్సింది తినేసి, మట్టిలోకి దిగే దారి వెతుకుతూ ఉంటుంది.

పెద్ద పురుగు ఒక చేను ఖాళీ చేసి దండులా పక్క చేనుకు నడుస్తుంది. దానికి అడ్డం కందకమే. వచ్చే వైపు అడుగు లోతు, ముప్పావు అడుగు వెడల్పు, గోడలు నిటారుగా తవ్వండి. ఏటవాలుగా తవ్వితే ఎక్కేస్తుంది. వానకు గోడ జారినా అంతే, వెంటనే సరిచేయాలి. కందకం వెంబడి జిల్లేడు, అడవి ఆముదం కొమ్మలు పరిచి ఉంచితే ఎండపూట నీడకు వాటి కిందికి చేరతాయి. అప్పుడు ఏరడం సులువు. ఒట్టి చేత్తో పట్టొద్దు, వెంట్రుకలు గుచ్చుకుని దురద పెడతాయి. ఆ చేయి కంటికి తగలనివ్వొద్దు.

ఏరేటప్పుడు కొన్నిటిని వదిలేయండి. మొక్క కొసన తలకిందులుగా వేలాడుతూ, మెత్తబడి, తాకితే నీరుగారే పురుగు వైరస్‌తో చచ్చింది. దాన్నుంచి మిగతావాటికి జబ్బు అంటుతుంది. ఒంటి మీద తెల్లటి చిన్న గూళ్లున్న పురుగులోంచి మనకు మేలు చేసే పరాన్నజీవులు, అంటే చిన్న కందిరీగలు వస్తాయి. ఆలోచించండి, ఒక తల్లి పెట్టిన 600 గుడ్లలో రెండు పెరిగి పెద్దవైనా వచ్చే ఏడు వాటి సంఖ్య తగ్గదు. మిగతా 598ని ఏటా ఎండ, పక్షులు, జబ్బులు, ఈ చిన్న కందిరీగలే తీసేస్తున్నాయి. కంటికి ఒక్క పురుగు కనపడగానే చేనంతా మందు కొడితే ముందు చచ్చేది అవే.

గొంగళి దశ నెల నుంచి నెలన్నర. ఆ తర్వాత తడి మట్టి దొరికిన చోట, గెనిమల కింద, చెట్ల నీడన మళ్లీ లోపలికి దిగుతుంది. కోత అయ్యాక, వేసవి జల్లు పడి మట్టి విడివడగానే వాలుకు అడ్డంగా లోతుగా దున్నండి. నాగలి వెనకే కాకులు, గోరింకలు, కొంగలు దిగుతాయి, వాటిని తరమొద్దు. గెనిమల్లో, చెట్ల మొదళ్లలో నాగలి పోదు, అక్కడ పారతోనే తవ్వాలి. ఏ గెనిమ దగ్గర ఎన్ని దొరికాయో గోడ మీద రాసి పెట్టుకోండి. ఎక్కువ దొరికిన వైపే వచ్చే వానకు మొదటి దీపం పెట్టాలి.